డాక్టరుగారింటి మెట్ల కిటికీ

మా ఊరు పోర్ట్ ఎన్నిస్‌లో పడమటి గోడకి ఎవరూ కిటికీ పెట్టరు. గాలివాన వచ్చేది అటునుంచే గనక, సముద్రానికి వీపు చూపించి కూర్చోవడమే ఇక్కడ ఇంటికి మర్యాద. ఊరు మొత్తం మీద ఆ మర్యాద తప్పిన ఇల్లు ఒక్కటే, డాక్టర్ లామంట్ గారిది. మేడమెట్లు మలుపు తిరిగే చోట, పడమటి గోడలో ఒక కిటికీ ఉంది. అదైనా తిన్నగా లేదు. గోడని ఏటవాలుగా కోసి, సముద్రంలోకి ఓరగా చూసేట్టు పెట్టారు. కోసిన తాపీమేస్త్రీ అప్పుడే అన్నాడట, "ఇంటికి జలుబు చేస్తే నన్ననకండి డాక్టరుగారూ" అని. చేసింది. అరవై ఏడేళ్ళుగా ఆ గోడకి చెమ్మ ఆరలేదు.

ఆ కిటికీ దగ్గర ఒక మనిషి జన్మంతా గడిపింది. ఆవిడ మార్సలి. మా ఊరికంతా మార్సలక్క. నేను ముప్పై ఏళ్ళు టపా పడవ నడిపినవాణ్ణి, ఎదుటి దీవికీ ఈ ఊరికీ మధ్య ఉత్తరాలూ పిండిబస్తాలూ గొర్రెపిల్లలూ మోసినవాణ్ణి. ఎందరినో చూశాను. మార్సలక్కంత ధీమా గల మనిషిని చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే, నాలుగో కాలు ఎక్కడ పోయిందా అని కుందేలే వెతుక్కోవాలి.

ఆవిడది సముద్రతీరమే కాదు. కొండల వెనక గొర్రెలు కాసేవాళ్ళ పిల్ల. పంతొమ్మిదో ఏట, పంతొమ్మిది వందల ముప్పై ఆరులో, డాక్టరుగారింట్లో వంటకీ శుభ్రానికీ కుదిరింది. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో ఆవిడ మాట లేకుండా పుల్ల కదలడం మానేసింది. డాక్టరుగారికి పెళ్ళి కాలేదు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా, ఆ ఇంటి తళతళలు చూసి ఊరు ఊరుకోలేదు, ఇవాళో రేపో లగ్గమే అంది. ఎవరో ఆ మాట మొహానే అడిగితే మార్సలక్క, "పెళ్ళాడితే ఆయన మాట వినాల్సొస్తుంది, నాకెందుకా గోల" అందట.

రోగులు కూర్చునే గది కూడా ఆవిడ రాజ్యమే. మా దగ్గర చీటీలూ నంబర్లూ ఉండవు. లోపలికి రాగానే "చివర ఎవరు?" అని అడగాలి, ఎవరో చెయ్యెత్తుతారు, ఆ మనిషి తరవాత మన వంతు. అంతే. ఒకసారి పాదిరిగారు ఏమీ అడక్కుండా తిన్నగా డాక్టరుగారి తలుపు మీద చెయ్యి వేశారు. మార్సలక్క గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"పాదిరిగారూ, చివర కల్లమ్ గారి ముసలమ్మ. ఆమె వెనక కూర్చోండి."

"అమ్మాయ్, నాకు ప్రార్థనకి వేళవుతోంది."

"స్వర్గంలోనూ వరస ఉంటుందని మొన్న ఆదివారం మీరే చెప్పారు. ఇక్కడే అలవాటు చేసుకోండి."

ఆయన వెళ్ళి ముసలమ్మ పక్కన కూర్చున్నారు. ముసలమ్మ జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి ఆయనకిచ్చింది.

ఇక కిటికీ సంగతి. ఊరికి ఎదురుగా, మూడు మైళ్ళ నీళ్ళకి అవతల ట్రోసే అని దీవి. అప్పట్లో పదకొండు ఇళ్ళుండేవి, అన్నీ మనవైపు కొండవాలు మీదే. యాభయ్యారు దాకా ఆ దీవికి ఫోను లేదు. డాక్టరు కావాలంటే ఇంటి ముందు వాలు మీద తెల్ల దుప్పటి పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేవాళ్ళు. ఏ ఇంటి ముందు దుప్పటి ఉంటే ఆ ఇంటికి వెళ్ళాలి. ఒక దుప్పటైతే ఇవాళ రండి అని. రెండైతే ఉన్నపళంగా రండి అని. లామంట్ గారికి ముందున్న డాక్టరు రోజుకోసారి రేవు దాకా నడిచి చూసొచ్చేవాడు. లామంట్ గారికి అది నచ్చలేదు. రోగం తను రేవుకి వెళ్ళేదాకా ఆగదని, వచ్చిన మొదటి ఏడే గోడ కోయించి, ఆ కిటికీ గట్టున ఒక ఓడవాడి దుర్భిణి పెట్టారు.

మార్సలక్క పనిలో చేరిన రోజున ఆయన మెట్ల మీదికి తీసుకెళ్ళి చూపించారు. "పొద్దున ఒకసారి, భోజనం ముందొకసారి, టీ వేళ ఒకసారి చూడాలమ్మాయ్. తెల్లగా ఏది కనబడినా నాకు చెప్పాలి." నేను ఎరిగినప్పటి నుంచీ మాత్రం ఆవిడ అరగంటకోసారి చూసేది. పిండి చేతులతోనే పరిగెత్తి మెట్లెక్కేది. ఆ దుర్భిణి ఇత్తడి మీద ఎప్పుడూ పిండి వేలిముద్రలే. ఎందుకంత ఆత్రమో మాకెవరికీ తెలియదు. ఆవిడ తీరే అంత అనుకున్నాం.

ట్రోసేలో ఇంకో ఆచారం ఉంది. ఫోను వచ్చి నలభై ఏళ్ళు దాటినా, ఇవాళ్టికీ అక్కడ ఎవరూ తెల్లబట్టలు ఇంటి ముందు ఆరెయ్యరు. ఇంటి వెనక, మహాసముద్రం వైపు, ఎండ తగలని చోట ఆరేస్తారు. పైనుంచి ఉప్పుగాలి. మొన్నీమధ్య గ్లాస్గో నుంచి వచ్చి ఇల్లు కొనుక్కున్న కుర్రజంట కూడా అలాగే చేస్తోంది. ఎందుకని అడిగితే, ఇక్కడ అంతేనట అంటారు. ఆ కట్టడి పెట్టినది ఊనా.

ఊనా ముప్పై ఏడులో ట్రోసేకి కోడలిగా వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఎప్పుడూ కూనిరాగమే. దుప్పట్ల సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసినదాన్ని ఎవరు చెబుతారు? ఏప్రిల్‌లో ఒక సోమవారం, ఎండ బాగుంది కదా అని, కట్నం పెట్టెలోంచి కొత్త దుప్పట్లు నాలుగూ ఉతికి ఇంటి ముందు గడ్డి మీద పరిచింది. నాలుగు! అంతకు ముందు ఎవరూ రెండు దాటలేదు. ఇంటిల్లిపాదీ విషం తిన్నారనుకున్నారు డాక్టరుగారు. మా నాన్న తెడ్లు వేశాడు. ఇద్దరూ తలదాకా తడిసి గట్టెక్కేసరికి ఊనా పాట పాడుకుంటూ నాలుగో దుప్పటి ముడతలు సరిచేస్తోంది. ఆయన కోప్పడలేదు. మూడు గుడ్లు వేయించుకు తిని, టీ తాగి, నవ్వుకుంటూ వచ్చేశారు. ఊరు మాత్రం వదల్లేదు. ఎవరైనా ఊరికే కంగారుపడితే, "ఏం, ఊనా దుప్పట్లారేసిందా?" అనడం సామెత అయిపోయింది.

ఆ నవంబరులో ఊనాకి తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. అత్తగారు రెండు దుప్పట్లు పరిచింది. డాక్టరుగారు వెళ్ళేసరికి ఆలస్యమైంది. తల్లి దక్కింది, ఆడపిల్ల దక్కలేదు. "మబ్బు పట్టి ఉందమ్మా, ఆలస్యంగా కనబడింది" అని ఆయన చెప్పారు. ఊనా నమ్మలేదు. మంచం దిగగలిగిన రోజున పదకొండు ఇళ్ళకీ నడిచి వెళ్ళి, ప్రతి గడపలోనూ ఒకటే మాట చెప్పింది. "నేనొకసారి బట్టలారేసి ఆయన్ని పిచ్చివాణ్ణి చేశాను. అందుకే రెండోసారి రాలేదు. ఇకమీద తెల్లది ఏదీ ఇంటి ముందు వెయ్యకండి." అప్పటి నుంచీ ఎవరూ వెయ్యలేదు.

తరవాత ఆమెకి ముగ్గురు మగపిల్లలు పుట్టారు, ముగ్గురూ డాక్టరుగారింటి మెట్ల కిటికీ చలవే. ఆమె, మార్సలక్క ప్రాణస్నేహితులయ్యారు. అరవై ఏళ్ళపాటు ప్రతి గురువారం ఊనా మొదట మా నాన్న పడవలో, తరవాత నా పడవలోనో కొడుకు పడవలోనో వచ్చేది. డాక్టరుగారి వంటింట్లో ఇద్దరూ ఓట్ రొట్టెలు, టీ ముందు పెట్టుకుని ఊరందరినీ ఉతికి ఆరేసేవాళ్ళు. మార్సలక్కకి అక్కాచెల్లెళ్ళు లేరు, మరో స్నేహితురాలూ లేదు. ఉన్నది ఊనా ఒక్కతే.

డాక్టరుగారు అరవై తొమ్మిదిలో పోయారు. ఇల్లు ఊరికి రాసి, మార్సలి ఉన్నన్నాళ్ళు వంటింటి వైపు ఆమెదే అన్నారు. ఆ ఇంటిని పాత డాక్టరుగారిల్లుగా నలుగురికీ చూపించాలని మా ఊరి కమిటీ ముచ్చట పడింది. నేనూ అందులో ఒకణ్ణి. పాత ఇళ్ళ సంఘం వాళ్ళు బాగుచేయిస్తామని ఎడింబరో నుంచి పెట్టిగ్రూ అనే ఇంజినీరుని పంపారు. మర్యాదస్తుడు, బూట్లు గుమ్మం బయటే విప్పాడు. మార్సలక్కకి మొదటి రోజు నచ్చాడు. రెండో రోజు పటం విప్పి చూపించాడు. ఇల్లు కట్టిన పద్దెనిమిది వందల ఎనభై నాలుగులో ఎలా ఉందో అలా చేస్తారట. పటంలో పడమటి గోడ నున్నగా ఉంది.

"నా కిటికీ ఏది?" అంది మార్సలక్క.

"అది తరవాత పెట్టింది కదండీ. చెమ్మంతా అక్కణ్ణించే. రాయి పెట్టి మూసేస్తాం."

"దుర్భిణి?"

"కింద గదిలో అద్దాలపెట్టెలో పెడతాం, చక్కగా కనబడుతుంది."

"అది కనబడ్డానికి కాదు బాబూ, చూడ్డానికి" అని ఆవిడ టీ కప్పులు తీసేసింది. అతని కప్పులో ఇంకా సగం టీ ఉంది.

కమిటీ సమావేశం శనివారం, పెద్ద హాల్లో. కిటికీ ఉండాలా పోవాలా అన్నది ఆ రోజు తేలాలి. ఊరంతా వచ్చింది, ట్రోసే నుంచి ఊనా కూడా కొడుకుతో వచ్చి మూడో వరసలో కూర్చుంది. ముందు నేను లేచాను. నాకు ముక్కు మీద కోపం. "ఎడింబరో వాళ్ళకి పడమటి గాలి గురించి మేం నేర్పాలా" అని మొదలుపెట్టి, వాళ్ళ నాయనమ్మల దాకా వెళ్ళాను. కూర్చోమన్నారు. కూర్చున్నాను.

పెట్టిగ్రూ ఓపికగానే మాట్లాడాడు. "మీ అభిమానం నాకర్థమవుతోంది. కానీ చరిత్ర అంటే రుజువుండాలి. ఆ కిటికీ వల్ల ఈ ఊరికి ఏం ఒరిగిందో, అది లేకపోతే ఏం జరిగేదో, ఎక్కడైనా రాసి ఉందా?"

మార్సలక్క లేచింది. ఎనభై ఒకటో ఏట కూడా కుర్చీ పట్టుకోకుండా లేచే మనిషి. ఆ పూట పట్టుకుంది.

"రాసి లేదు. నేను చెబుతాను. ఇది తెలిసినవాళ్ళు ఇద్దరమే, ఒకరు పోయారు." ఆవిడ పెట్టిగ్రూ వైపు చూడలేదు, మూడో వరస వైపు చూసింది. "ముప్పై ఏడు నవంబరులో ఆ సోమవారం మబ్బు లేదు ఊనా. పొద్దున పదింటికే చూశాను. రెండు దుప్పట్లు, స్పష్టంగా. సోమవారం కదా, ఈ పిల్ల మళ్ళీ బట్టలారేసిందనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. గది నిండా రోగులున్నారు, ఆయనకి చెప్పలేదు. రొట్టెల పిండి కలుపుకున్నాను. మధ్యాహ్నం వాన మొదలైంది. కిటికీ వెయ్యడానికి మెట్లెక్కితే దుప్పట్లు అక్కడే తడుస్తున్నాయి. వానలో బట్టలు ఎవరూ వదిలెయ్యరు. అప్పుడు తెలిసింది నాకు."

ఆవిడ కుర్చీ వదిలేసి నిటారుగా నిలబడింది.

"రెండు గంటలు పోగొట్టాను. ఆయన వచ్చాక ఆ రాత్రి నన్ను తిట్టలేదు. 'ఏది బట్టలో ఏది పిలుపో ఇకమీద నువ్వు తేల్చొద్దు మార్సలీ. చూడ్డం నీ పని, తేల్చడం నా పని' అన్నారు. అంతే. తప్పు తన మీద వేసుకుని మీ ఇంట్లో మబ్బు కథ చెప్పారు. నువ్వు తప్పు నీ మీద వేసుకుని ఊరంతా తిరిగావు. నేను చూస్తూ ఊరుకున్నాను. చెబితే గురువారాలు పోతాయని భయం." అప్పుడు పెట్టిగ్రూ వైపు తిరిగింది. "ఆ తరవాత పంతొమ్మిదేళ్ళు, ఫోను వచ్చేదాకా, ఆ కిటికీలోంచి ఒక్క దుప్పటి నా కన్ను తప్పలేదు. నూట ముప్పై ఆరు పిలుపులు. ఇదిగో ఈ హాల్లో తొమ్మిదిమంది అలా పుట్టినవాళ్ళే. రుజువు కావాలంటే లేచి నిలబడమనండి."

ఎవరూ చెప్పకుండానే ఒకరొకరుగా లేచారు. ఊనా కొడుకు కూడా లేచి, తల్లిని చూసి, కూర్చోవాలా నిలబడాలా తెలియక అలాగే ఉండిపోయాడు.

ఊనా కూర్చునే అడిగింది. "పదింటికే కనబడిందా?"

"పదింటికే."

"వాన రాకపోతే?"

"టీ వేళదాకా బట్టలే అనుకునేదాన్ని."

ఊనా తలకి రుమాలు కట్టుకుంది. "నలభై ఎకరాల కొండవాలు నా ఇంటి ముందు ఉంది మార్సలీ. అరవై ఏళ్ళు ఇంటి వెనక నీడలో ఆరేశాను. శీతాకాలంలో ఒక్కో దుప్పటి ఆరడానికి నాలుగు రోజులు పట్టేది. ప్రతిసారీ ఆ పిల్ల గుర్తొచ్చేది." అంతే అని కొడుకు చెయ్యి పట్టుకుని రేవుకి వెళ్ళిపోయింది.

పెట్టిగ్రూ జేబులోంచి రబ్బరు తీసి, పటం మీద పడమటి గోడ గీత చెరిపి, పెన్సిలుతో కిటికీ గీశాడు. గీత తిన్నగా వచ్చిందని మార్సలక్క మళ్ళీ చెరిపించి, ఏటవాలుగా గీయించింది.

కిటికీ దక్కింది. గురువారం వచ్చింది, ఊనా రాలేదు. వంటింట్లో రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి, నేను ఒకటి తీసుకోబోతే మార్సలక్క నా చెయ్యి మీద కొట్టింది. తరవాతి గురువారమూ రాలేదు. "చెప్పాల్సినది చెప్పాను, ఆమె రావాల్సిన పనేం లేదు" అంది మార్సలక్క, గొంతు ఎప్పటిలా కుండ బద్దలు కొట్టినట్టే ఉంది. కానీ ఉప్పు లేని జావ పెట్టింది నాకు. నేను మారు మాట్లాడకుండా తాగాను. నాకు ఊనా మీద కోపం వచ్చింది, మార్సలక్క మీదా వచ్చింది, చచ్చి ముప్పై ఏళ్ళయిన డాక్టరుగారి మీద కూడా వచ్చింది.

మూడో వారం సోమవారం. కిటికీ చట్రానికి కొత్త చెక్క బిగించడానికి మేస్త్రీకి సాయంగా వెళ్ళాను. కింద కొలతలు చూస్తుంటే మెట్ల మీదనుంచి కేక.

"ఫిన్లే! రారా!"

పరిగెత్తాను. మార్సలక్క దుర్భిణి నా చేతిలో పెట్టింది. ట్రోసేలో, ఊనా ఇంటి ముందు వాలు మీద, రెండు తెల్ల దుప్పట్లు. ఫోను వచ్చాక అక్కడ తెల్లది చూడ్డం అదే మొదలు.

"సోమవారం కదక్కా, బట్టలేమో" అన్నాను.

"నువ్వు తేల్చకు" అంది. "ఫోను చెయ్యి."

చేశాను. మోగింది, మోగింది, ఎవరూ తియ్యలేదు. ఊనా కొడుకు పొద్దున్నే సంతకి వచ్చాడని నాకు తెలుసు, రేవులో అతని పడవ చూశాను. అంటే ఎనభై ఏళ్ళ మనిషి అక్కడ ఒంటరిగా ఉంది. ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

"పడవ తియ్యి. నేనూ వస్తాను" అంది మార్సలక్క. అప్పుడే కోటు తొడుక్కుంటోంది.

"ఈ గాలికా? నువ్వా?"

"ఈసారి రెండు గంటలు పోనివ్వను."

ఆవిడ గుండీలు పెట్టుకుంటుండగా పడమటి నుంచి జల్లు దిగింది. ముందు దీవి మీద పడింది, ఆ తరవాతే మనకి వస్తుంది. కిటికీ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆవిడ దుర్భిణి కంటికి పెట్టుకుంది.

"ఏమిటక్కా? ఏం కనబడుతోంది?"

చెమ్మ పట్టిన అద్దం మీద నేనూ మొహం ఆనించాను. ఆ దూరానికి ఇంటి పక్కనుంచి ఒక నల్ల చుక్క బయటికి వచ్చింది. వంగింది. ఒక దుప్పటి మాయమైంది. తొందరేం పడకుండా రెండోదాని దగ్గరికి నడిచింది, వంగింది, అదీ మాయమైంది. కొండవాలు పచ్చగా మిగిలింది.

మార్సలక్క కోటుతోనే మెట్టు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"వాన రాగానే తీసేసిందిరా ఫిన్లే" అంది. "బట్టలే. ఉత్త బట్టలే."